చూపించుకున్నది కన్ను, అడిగింది ఒళ్లంతా – నా అనుభవం

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. నాకు అరవై ఏడేళ్లు, టీచరుగా రిటైరయ్యాను. షుగర్, బీపీ ఉన్నాయి, మందులతో అదుపులోనే ఉన్నాయి. కుడి కంటికి రెండేళ్ల కిందట శుక్లం ఆపరేషన్ అయింది. ఎముకల బలానికి వారానికి ఒక మాత్ర వేసుకుంటాను. ఇవన్నీ ముందే ఎందుకు రాస్తున్నానంటే, నా కుడి కంటి లోపల యువైటిస్ అనే వాపు వచ్చినప్పుడు విశాఖలో డాక్టరమ్మ వీటిలో ఒక్కటీ వదలకుండా అడిగారు, అడిగిన ప్రతిదానికీ ఒక కారణం ఉంది.

దీపావళి వెళ్లాక కుడి కన్ను ఎర్రబడింది. మొదట అందరం కండ్లకలకే అనుకున్నాం. కానీ పుసి లేదు, పొద్దున లేస్తే రెప్పలు అంటుకోవడం లేదు, దురద లేదు. లోపల ఎక్కడో సలుపు, ఆ సలుపు కనుబొమ్మ దాకా పాకేది. వెలుతురు అసలు పడేది కాదు. ఎర్రదనం కూడా కన్నంతా సమానంగా లేదు, నల్లగుడ్డు చుట్టూ వలయంలా ముదురుగా ఉంది. నన్ను బాగా భయపెట్టింది ఇంకొకటి. ఆ కన్ను గట్టిగా మూసుకుని మంచి కంటితో లైటు వైపు చూసినా, మూసిన కన్నే నొప్పెట్టేది. ఒక కంట్లో వెలుతురు పడితే రెండు కంటిపాపలూ కలిసే ముడుచుకుంటాయట, లోపల వాచిన కన్ను ఆ కదలికకే బాధపడుతుందట. మామూలు కండ్లకలకలో ఇలా ఉండదని తర్వాత డాక్టరమ్మ చెప్పారు.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఒక కారణం సిద్ధంగా ఉంది. వేడి చేసిందన్నారు. దీపావళి పొగ అన్నారు. మా తోటికోడలు అయితే, "అప్పుడే చెప్పేను కదేటి, ఆ ఆపరేషన్ తేడా కొట్టింది" అని తేల్చేసింది. మా ఆయన మందుల షాపుకి వెళ్తే ఆ అబ్బాయి ఒక చుక్కల మందు తీసి, "ఇది వెయ్యండి, ఒక్కరోజులో తెల్లగైపోద్ది" అన్నాడట. పేరు ఫోటో తీసి విశాఖలో ఉన్న మా అబ్బాయికి పంపితే, "అందులో స్టెరాయిడ్ ఉంది, డాక్టర్ చూడకుండా వద్దు" అన్నాడు. ఆ మందు కొనలేదు. కొనకపోవడం ఎంత మేలు చేసిందో కాస్త ఆగి చెబుతాను.

ఊళ్లో ఒక డాక్టరుగారు యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. తగ్గలేదు. పేపరు అక్షరాలు అలుక్కుపోవడం మొదలయ్యాక ఆయనే, "ఇది లోపలి వాపులా ఉంది, పెద్ద కంటాసుపత్రికి తీసుకెళ్లిపోండి, ఆలస్యం చెయ్యకండి" అని చీటీ రాసిచ్చారు. ఇటు బరంపురం వెళ్లొచ్చు, అటు విశాఖ వెళ్లొచ్చు. అబ్బాయి ఉన్నాడు కదా అని గుణుపూర్ నుంచి వచ్చే విశాఖ ప్యాసింజర్ ఎక్కాం. ఇక్కడ ఒక మాట. మా రేషన్ కార్డు ఒడిశాది, కాబట్టి ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) మాకు పనికిరాదు. నోటితో తెలుగు మాట్లాడినంత మాత్రాన కార్డు చెల్లదు. సరిహద్దులో ఉండే మా లాంటి వాళ్లు ఆసుపత్రికి బయల్దేరే ముందే ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో ఫోన్ చేసి కనుక్కోవాలి. పెన్షన్ మీద బతికేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఆసుపత్రిలో ముందు అక్షరాలు చదివించారు. తర్వాత గడ్డం ఒక చోట ఆనించి, సన్నటి వెలుగు గీత కంట్లోకి వేసి చూసే మిషన్, స్లిట్ ల్యాంప్, దాని ముందు కూర్చోబెట్టారు. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడకుండా చూశారు. తర్వాత చెప్పారు: "అమ్మా, పెంకుటింట్లో సందులోంచి ఎండ గీత పడితే అందులో దుమ్ము తేలుతుంది చూశారా, మీ కంటి ముందు భాగంలో నీటిలో అలా తెల్లకణాలు తేలుతున్నాయి. దీన్ని యువైటిస్ అంటారు. కంటి మధ్య పొర వాచింది." వాపు వచ్చిందని ఒక్క నిమిషంలో తేలిపోయింది. ఎందుకు వచ్చిందన్నది తేలడానికే మిగతా సమయమంతా పట్టింది.

ఆవిడ నాతో అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "పాతికేళ్ల కుర్రాడికి ఇది వస్తే నేను ఒక దారిలో ఆలోచిస్తాను. అరవై దాటాక జీవితంలో మొదటిసారి వచ్చిందంటే, ఇప్పుడే ఎందుకొచ్చిందని అడగాలి." ఈ వాపు ఎక్కువగా ఇరవైకీ యాభైకీ మధ్య వాళ్లలో మొదలవుతుందట. పెద్ద వయసులో మొదలైతే కారణాల వరస మారిపోతుంది. వయసుతో ఒంటి కాపుదల తగ్గి ఎప్పటివో క్రిములు లేవడం, వేసుకునే మందులు, కంటికి చేసిన ఆపరేషన్లు, అరుదుగా వాపులా కనబడే కేన్సర్ కూడా. ఎంత వెతికినా కారణం దొరకని వాళ్లు కూడా చాలామంది ఉంటారని ముందే చెప్పారు. "దొరకకపోవచ్చు. కానీ వెతకకుండా వదలకూడదు" అన్నారు.

ఇక ప్రశ్నలు. కంటి డాక్టరు నన్ను నడుము గురించి అడగడం ఎప్పుడూ వినలేదు. పొద్దున లేచేసరికి నడుము బిగుసుకుపోయి, నడిచాక వదులుతుందా? కీళ్లు వాస్తాయా? నోట్లో పుళ్లు? ఎండు దగ్గు? రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం? ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా? ఈమధ్య జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్? షుగర్ ఉన్నవాళ్లలో ఒంట్లో ఎక్కడో ఉన్న ఇన్ఫెక్షన్ రక్తంతో పాటు కంట్లోకి వెళ్లి చీము పట్టించగలదట, అది ఎమర్జెన్సీ. నిలవ నీళ్లలో, బురదలో నడిచారా అని కూడా అడిగారు. వరద నీటిలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరా అనే క్రిమి ఒంట్లో చేరి, జ్వరం తగ్గిన కొన్ని వారాలకో నెలలకో కంట్లో వాపు తెస్తుంది. 1993 వరదల తర్వాత మదురై ప్రాంతంలో అలా చాలామందికి వచ్చిందని చెప్పారు. నాకు వెంటనే 2018 తిత్లీ తుపాను గుర్తొచ్చింది. గజపతి జిల్లాలో మేం ఆ నీళ్లు చూశాం. కానీ ఈ ఏడు నేను అలాంటి నీళ్లలో దిగలేదు, జ్వరమూ రాలేదు.

మందుల సంచీ బల్ల మీద బోర్లించమన్నారు. వెళ్లేవాళ్లు దయచేసి మాత్రల పేర్లు చెప్పడం కాదు, అట్టలతో సహా పట్టుకెళ్లండి. ఆవిడ బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు పక్కకు జరిపి, ఎముకల మాత్ర అట్ట చేతిలోకి తీసుకుని వెనక ఉన్న సన్న అక్షరాలు చదివారు. అలెండ్రోనేట్. ఈ జాతి మందులు అరుదుగా కంట్లో వాపు తెస్తాయట. ముఖ్యంగా ఏడాదికొకసారి డ్రిప్‌గా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ తర్వాత కొద్ది రోజుల్లోనే కొందరికి కన్ను ఎర్రబడుతుంది. "ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు?" ఏళ్లుగా. "అయితే దీని మీద అనుమానం తక్కువ. కొత్తగా మొదలుపెట్టి ఉంటే ముందు దీన్నే పట్టుకునేదాన్ని" అని అట్ట పక్కన పెట్టారు. బరంపురంలో మా అప్ప ఆ డ్రిప్పే ఎక్కించుకుంటుంది. అదే రోజు ఫోన్ చేసి చెప్పాను, డ్రిప్ అయ్యాక కన్ను ఎర్రబడితే నాలుగు రోజులు చూద్దాం అనుకోవద్దని, డ్రిప్ సంగతి కంటి డాక్టరుకి తప్పకుండా చెప్పమని.

తర్వాత ఆపరేషన్ మీద పడ్డారు. వాచింది ఆపరేషన్ చేసిన కన్నే కదా. పెట్టిన లెన్స్ ఉన్నచోటు నుంచి జరిగి కంటి పొరకి రాసుకుంటోందా, పాత శుక్లం ముక్క ఏమైనా మిగిలిందా, లెన్స్ వెనక తెల్లటి మచ్చలా నెమ్మదిగా పెరిగే బ్యాక్టీరియా ఉందా అని చూశారు. ఆపరేషనైన నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా ఇలాంటివి బయటపడతాయట. అసలు ఆపరేషనే చేయించుకోకుండా శుక్లాన్ని మరీ ముదరబెట్టినా, అది లోపల కారి వాపు తెస్తుందట. మా వైపు పల్లెల్లో ఇంకా అలా ముదరబెట్టుకునే పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్ల పిల్లలు ఇది చదివితే బాగుండు. నా లెన్స్ సరిగ్గానే ఉంది. మా తోటికోడలి తీర్పు అక్కడితో కొట్టుబడిపోయింది.

ఇంతసేపూ ఆవిడ ఒక విషయం మనసులో పెట్టుకునే అడుగుతున్నారని నాకు తర్వాత అర్థమైంది. కంటి ప్రెజర్ చూస్తే 34 ఉంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. లోపల వాపు వచ్చిన కంట్లో ప్రెజర్ చాలాసార్లు తగ్గుతుంది, నాకేమో పెరిగింది. "ఇంతకుముందు ఏమైనా స్టెరాయిడ్ చుక్కలు వేశారా?" అని రెండుసార్లు అడిగారు. లేదన్నాను. "మంచిపని చేశారు. వేసి ఉంటే ఈ ప్రెజర్ మందు వల్లో జబ్బు వల్లో నాకు తెలిసేది కాదు" అన్నారు. షాపు మందు కొనకపోవడం వల్ల జరిగిన మేలు ఇదే.

అప్పుడు దూది తీసుకుని, దాని కొసని సన్నగా పురితిప్పి, ఎడమ కంటి నల్లగుడ్డుకి చిన్నగా తాకించారు. ఉలిక్కిపడి తల వెనక్కి తీసుకున్నాను. కుడి కంటికి తాకించారు. తాకినట్టు సరిగా తెలియలేదు. మళ్లీ తాకించారు, అంతే. పొద్దుటి నుంచీ అంత నొప్పి పెడుతున్న కన్ను, దూది తగిలితే గుర్తుపట్టలేదు. ఆవిడ నా జుట్టు వెనక్కి తోసి, లైటు దగ్గరగా పట్టి, కుడి కనుబొమ్మ పైన నుదురంతా చూశారు. అక్కడక్కడా చిన్న చిన్న గుంటలు, రంగు వెలిసిన మచ్చలు. "ఇవేంటమ్మా?"

రథయాత్ర రోజుల్లో నాకు నుదుటి మీద సర్పి పోసింది. అంత ఎక్కువగా కాదు, ఒక పక్కనే, నీటిపొక్కులు, మంట. ఊళ్లో చూపిస్తే పూతమందు ఇచ్చారు, ఇంట్లో పెద్దావిడ వేపాకులు రాయించింది, మానిపోయింది. సర్పిని డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరసే అది. ఆటలమ్మ తగ్గినా వైరస్ పోదు, నరాల మొదళ్లలో దాక్కుని ఉంటుంది, వయసు మీద పడి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఒక నరం వెంట బయటికి వస్తుంది. నుదుటికీ కంటికీ వచ్చేది ఒకే నరం. అందుకే ముఖం మీద సర్పి, ముఖ్యంగా ముక్కు కొన దాకా పొక్కులు వస్తే, కన్ను తప్పకుండా చూపించుకోవాలి. పొక్కులు మానిన వారాలకీ నెలలకీ కూడా కంట్లో వాపు రావచ్చు. ఒక్క కన్నే వాచడం, ప్రెజర్ పెరగడం, నల్లగుడ్డు మొద్దుబారడం ఆ వైరస్ గుర్తులు. ఇంకో గుర్తు ఫోటో తీసి చూపించారు. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలో ఒక పక్క ముక్క పలచబడిపోయి, వెనక నుంచి వెలుతురు దానిగుండా ఎర్రగా కనబడుతోంది. ఆ ఫోటో చూశాక కాసేపు నాకు మాట రాలేదు.

అంత స్పష్టంగా తెలిశాక కూడా పరీక్షలు రాశారు. రక్తం, షుగర్, కిడ్నీకి క్రియాటినిన్, ఛాతీ ఎక్స్‌రే, టీబీకి మాంటూ, వీడీఆర్ఎల్, టీపీహెచ్ఏ. చివరి రెండూ దేనికని మా ఆయన అడిగారు. సిఫిలిస్‌కి అని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. నాకూ ఎక్కడలేని సిగ్గేసింది. డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని నెమ్మదిగా చెప్పారు. "ఇది మిమ్మల్ని అనుమానించి రాసింది కాదు. కంట్లో వాపుతో వచ్చిన ప్రతి ఒక్కరికీ రాస్తాం. అది ఒంట్లో ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు, కంట్లో ఏ రూపంలోనైనా కనబడగలదు. పెన్సిలిన్‌తో నయమవుతుంది. అది ఉందని తెలియకుండా స్టెరాయిడ్ వేస్తే కన్ను పోవచ్చు." మా ఆయన కాసేపాగి, "అయితే నాక్కూడా చెయ్యండి మేడమ్" అన్నారు. ఇద్దరికీ ఏమీ లేదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఈ పేరు వినగానే చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోతారని నాకు తెలుసు. అలా వెళ్లిపోకండి.

మాంటూ సూది వేసిన చోట 12 మిల్లీమీటర్లు గట్టిపడింది. ఇంక టీబీయే అని ఆ రాత్రంతా టెన్షన్ పడ్డాను. మర్నాడు ఆవిడ, మన దేశంలో ఎప్పుడో ఒకప్పుడు టీబీ క్రిమి సోకినవాళ్లు చాలామంది కాబట్టి మాంటూ పాజిటివ్ రావడం మామూలేనని, అది ఒక్కటే చూసి జబ్బు ఉందనకూడదని చెప్పారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, దగ్గు, జ్వరం లేవు, కంటి వెనక టీబీ చేసే మచ్చలు లేవు. అయినా ఛాతీ డాక్టరుకి ఒకసారి చూపించి, ఆయనా లేదన్నాకే ఆ మాట పక్కన పెట్టారు. ఆ ఎక్స్‌రేలోనే సార్కాయిడోసిస్ అనే జబ్బుకి గ్రంథులు ఉబ్బాయేమో కూడా చూశారట. పెద్ద వయసు ఆడవాళ్లలో అది కొత్తగా కనబడుతుంది, టీబీలా భ్రమ పెడుతుంది. నడుము నొప్పి లేదు కాబట్టి, వెన్నెముక వాపుతో ముడిపడిన జన్యువు కోసం చేసే హెచ్ఎల్ఏ బీ27 పరీక్ష రాయలేదు. పరీక్షలన్నీ ఒక ప్యాకేజీగా రాసేయకుండా, నేను చెప్పిన జవాబుల్ని బట్టి ఎంచుకున్నారు. నాకు ఆవిడ మీద గురి కుదిరింది అక్కడే.

కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి వెనక భాగం కూడా పూర్తిగా చూశారు. ఇది ఎందుకని అడిగితే రెండు కారణాలు చెప్పారు. ఈ వైరస్ కొందరిలో రెటీనాకి పాకి కొద్ది రోజుల్లోనే దాన్ని పాడుచేస్తుంది. రెండోది, పెద్దవాళ్లలో పెద్దగా నొప్పి, ఎర్రదనం లేకుండా కంటి లోపలి జెల్లీ మసకబారి, స్టెరాయిడ్‌కి కొంత తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెడుతుంటే, అది వాపు కాక లింఫోమా అనే కేన్సర్ అయి ఉండొచ్చు. మెదడుతో సంబంధం ఉన్న జబ్బు. అప్పుడు జెల్లీ కొంచెం తీసి పరీక్షకి పంపుతారు, మెదడుకి ఎమ్మారై తీస్తారు. నా కంటి వెనక ఆ జాడలేవీ లేవు.

మందులు ఇవి. ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి ఐదుసార్లు, నీళ్లు బాగా తాగుతూ. క్రియాటినిన్ చూశాకే ఆ మోతాదు రాశారు, కిడ్నీ బలహీనంగా ఉంటే తగ్గించాలట. దాని అండ ఉన్నాకే స్టెరాయిడ్ చుక్కలు, ప్రెడ్నిసొలోన్, మొదట మెలకువగా ఉన్నంతసేపూ గంటకొకసారి. ఈ సీసాలో మందు అడుగున పేరుకుంటుంది. వేసే ప్రతిసారీ బాగా ఊపకపోతే పైన ఉన్న నీళ్లే కంట్లో పడతాయి. ఇది నర్సమ్మ చెప్పింది, ఊపి చూపించింది, నాతో కూడా ఊపించింది. లోపలి పొర లెన్స్‌కి అంటుకుపోకుండా హోమాట్రోపిన్ చుక్కలు. ప్రెజర్‌కి టిమొలాల్, ఆస్తమా లేదని అడిగి తెలుసుకున్నాకే. షుగర్ పెరుగుతుందని స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వలేదు. వేర్వేరు చుక్కల మధ్య ఐదు నిమిషాలన్నా ఎడం ఉండాలి. మా ఆయన ఒక పాత నోట్‌బుక్‌లో గడులు గీసి, చుక్క వేసినప్పుడల్లా టిక్కు పెట్టేవారు. కన్ను తెల్లబడింది కదా అని స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేయకూడదు, మళ్లీ భగ్గుమంటుంది. మెల్లమెల్లగా తగ్గించారు. అలా అని ఏళ్ల తరబడి వేసుకున్నా ప్రమాదమే, దానివల్ల గ్లకోమా, అంటే కంటి ప్రెజర్‌తో చూపు నరం దెబ్బతినే జబ్బు, రావచ్చు.

సలుపు ముందు తగ్గింది. వెలుతురు భరించడం తర్వాత. చూపు అన్నిటికంటే ఆలస్యంగా తేరుకుంది. ప్రెజర్ 16కి దిగింది. పలచబడిన రంగు పొర మాత్రం మళ్లీ పూడదట, కంటిపాప ఆ పక్కకి కాస్త వంకరగా ఉంది, ఎండలో నల్లద్దాలు కావాలి. పాతపట్నం నీలమణి దుర్గమ్మకి మొక్కుకున్న చీర ఇచ్చి వచ్చాను. మళ్లీ రాకుండా ఎసైక్లోవిర్ తక్కువ మోతాదులో కొన్ని నెలలు వేసుకోమన్నారు, వేసుకుంటున్నాను.

సర్పికి టీకా ఉందని నాకు ఆసుపత్రిలోనే తెలిసింది. యాభై దాటిన వాళ్లకి రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలల ఎడం. మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. ఖరీదు ఎక్కువే, అబ్బాయి పెట్టుకున్నాడు. మా ఆయన మొదటి డోసు వేయించుకున్నారు, చెయ్యి సలిపింది, కాస్త జ్వరం తగిలింది, తగ్గిపోయింది. నాకు మాత్రం కన్ను పూర్తిగా నెమ్మదించాక, వచ్చేసారి చూసి చెబుతామన్నారు.